పుట్టింటి పేరు

హైడెఫెల్ట్, కేప్‌టౌన్
1997 ఫిబ్రవరి 9

అక్కా,

చేతిరాత గుర్తుపట్టావా? నాన్న పోయిన ఏడాది నాలుగు ముక్కలు రాశాను. ఆ తర్వాత ఇదే.

ఉర్సులాకి పెళ్లి కుదిరేలా ఉంది. పిల్లకి ఇరవై ఐదు వచ్చాయి, పెద్దాసుపత్రిలో నర్సు. అబ్బాయి అక్కడే ఎక్స్‌రేలు తీస్తాడు. పేరు వుయాని. నెమ్మదస్తుడు, కళ్లలోకి చూసి మాట్లాడతాడు. గుగులేతు వాడు. అంటే రైలు పట్టాలకి అవతల. మా వీధి చివర నిలబడితే వాళ్ల పొయ్యిల పొగ కనిపిస్తుంది. పట్టాల మీద కాలినడక వంతెన ఉంది. నల్లవాళ్లని అవతల, మిశ్రమజాతి వాళ్లని ఇవతల పెట్టిన రోజుల్లో కట్టింది. చట్టం పోయి ఐదేళ్లు దాటినా నేను ఆ వంతెన ఎక్కలేదు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేను సోలీ బోస్మన్‌ని. జోలిలే మహ్లాతి అనేవాడొకడున్నాడని కట్టుకున్న మినాకి తప్ప ఈ వీధిలో ఎవరికీ తెలియదు. కన్నకూతురికి కూడా తెలియదు. మా తాత సెయింట్ హెలీనా దీవి నుంచి పడవెక్కి వచ్చాడని దానికి చెప్పి పెంచాను. బడిలో ఆ పడవ బొమ్మ వేసి బహుమతి కూడా తెచ్చుకుంది.

వుయాని తరపు పెద్దలు పిల్లకి ఓలిగా ఇచ్చే ఆవుల మాటకు వస్తారట. ఇప్పుడు ఆవుల పేరు మీద ఏదో ఒకటి ఇస్తారులే. కానీ మాటల్లో వంశం పేరు వస్తుంది కదా. అందుకని అమ్మ వంశం పేరూ, దాని వెనకాల చదివే పొగడ్త పేర్లూ వరసగా రాసి పంపు. టోలో అని గుర్తుంది. తర్వాతవి నాలుక చివర ఆగిపోతున్నాయి.

తొందరగా పంపు అక్కా. మార్చి మొదట్లో వస్తారు.

నీ తమ్ముడు


పెడీ
ఫిబ్రవరి 20

తమ్ముడు జోలిలేకు,

దేవుని చల్లని చెయ్యి నీ ఇంటి మీద ఉండాలి.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఎర్ర జాకెట్టు వేసుకుని ప్రార్థన సంఘానికి బయల్దేరుతున్నాను. గుమ్మంలోనే చదివాను. ఆ రోజు పాటలో నా గొంతు కలవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

పిల్ల పెళ్లి అనగానే సంతోషించాను. పద్ధతులు మరిచిపోయి ఉంటావని రాస్తున్నాను. వచ్చినవాళ్లు తలుపు కొట్టరు. గేటు బయట నిలబడతారు. వెంటనే లోపలికి రమ్మనకు, పిల్లని చవగ్గా ఇచ్చేస్తున్నావనుకుంటారు. మరీ ఎండలోనూ నిలబెట్టకు. నువ్వు మాట్లాడకూడదు, నీ తరపున పెద్దవాడొకడు మాట్లాడాలి. మినాని మంచి టీ పెట్టమను.

ఒకటి అడుగుతాను. వంశం తండ్రి వైపు నుంచి వస్తుంది. మనం బేలే వాళ్లం. అది నువ్వు మరిచిపోయే సంగతి కాదు. మరి అమ్మది ఎందుకు అడిగావు?

అబ్బాయి వంశం ఏమిటో నువ్వు రాయలేదు.

అక్క


హైడెఫెల్ట్
మార్చి 3

అక్కా,

అబ్బాయిది బేలే వంశం.

ఇప్పుడు తెలిసిందిగా. వాళ్ల ఇంటిపేరు వేరు, ఊరు వేరు, ఏడు తరాలు వెనక్కి వెళ్లినా ఎక్కడా రక్తం కలవదు. అయినా బేలే, బేలే. ఒకే వంశం పిల్లలు అన్నాచెల్లెళ్ల కింద లెక్క. నేను మరిచిపోయాననుకున్న వాటిలో మరిచిపోలేనిది ఇదొక్కటే.

శనివారం వచ్చారు. నువ్వు రాసింది మినాకి చెప్పడం మర్చిపోయాను. పొద్దున్నే కర్టెన్ తొలగించి, "సోలీ, బీమావాళ్లు నలుగురొచ్చారు. నువ్వు లేవని చెప్పనా?" అంది.

"బీమావాడు ఒక్కడే వస్తాడుగా?"

"టోపీలూ కోట్లూ చూస్తే యెహోవా సాక్షుల్లా ఉన్నారు. అయితే అసలు తలుపు తియ్యకు."

పక్కింటి మిసెస్ జేకబ్స్ గోడ మీంచి తల పెట్టింది. "పట్టాలవతలి వాళ్లు దారి తప్పినట్టున్నారు సోలీ. పోలీసులకి ఫోన్ చెయ్యనా?" ఈలోగా ఉర్సులా జుట్టుకి చుట్టిన రోలర్లతోనే వీధిలోకి పరిగెత్తింది. పిల్ల తనే ఎదురెళ్లి పిలిచేసింది. ఇక నీ పద్ధతులన్నీ గాలికి పోయాయి.

వాళ్లలో పెద్దాయన పేరు మలుసి. వుయానికి చిన్నతాత. ఖోసాలో మాట్లాడతాడు, వుయాని నాకు ఆఫ్రికాన్స్‌లో చెబుతాడు. నా సొంత భాషని నాకు వేరేవాడు తర్జుమా చేసి పెడుతుంటే తలూపుతూ కూర్చున్నాను. మా కుక్క గుమ్మంలో నిలబడి మొరగబోయి ఆగి, మళ్లీ మొరగబోయి ఆగింది. ముసలాయన దాన్ని చూసి, "పాపం ఇదీ మిశ్రమజాతిదే. ఏ భాషలో మొరగాలో తేల్చుకోలేకపోతోంది" అన్నాడు.

వుయాని ఇంకా నోరు తెరవనేలేదు. నేను నవ్వేశాను.

ముసలాయన టీ కప్పు కింద పెట్టి నన్ను చూశాడు.  "మా వాళ్లలో ఖోసా రక్తం ఉంది" అన్నాను. మినా మొహం పక్కకి తిప్పుకుంది. ఉర్సులా "ఏంటి డాడీ?" అంది. పెద్దాయన, "ఏ వంశం?" అన్నాడు. "టోలో" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "టోలో పిల్ల! ముందే చెప్పొద్దా!" అని మోకాలి మీద కొట్టుకున్నాడు. తర్వాత, "మేనత్త ఉందా? మేనత్త మాట లేకుండా పిల్ల కదలదు" అన్నాడు. ఖోసాలోనే అడిగాడు. ఇన్నేళ్ల తర్వాత ఎవరో ఆ భాషలో నా అక్క గురించి అడిగేసరికి నోరు దానంతటదే నీ పేరు చెప్పేసింది. ఊరితో సహా.

ఆయన సొంతూరు మన పెడీకి అవతల సముద్రం పక్కనేనట. ఈస్టర్‌కి వస్తాడు. నీ దగ్గరికి వస్తాడు.

ఉర్సులాకి మాత్రం, నాయనమ్మ వైపు ఎవరో ఉన్నారులే అని సర్దిచెప్పాను.

ఒక్క మాట అక్కా. టోలో అను. ఒక్క మాటతో రెండు ప్రాణాలు నిలబడతాయి.

జోలిలే


పెడీ
మార్చి 12

తమ్ముడూ,

అనను.

కోపంతో రాయడం లేదు. ఉర్సులా పుట్టినప్పుడు నేను రైలెక్కి వచ్చాను. గోడ మీంచి పక్కింటావిడ ఎవరని అడిగితే, బట్టలుతికే మనిషి అన్నావు. నీకు ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. నాకు అర్థమైంది. ఆ సాయంత్రం పసిదాని గుడ్డలన్నీ ఉతికి ఆరేసి రైలెక్కాను. నీ మాట అబద్ధం కాకూడదని.

ఈసారి అలా సర్దడానికి నాకేమీ కనిపించడం లేదు.

ఆ పెద్దాయన నా వాకిట్లో కూర్చుని అడిగితే నేను మన నాన్న వంశం చెబుతాను. అంతకు ముందే నువ్వు పిల్లకి చెప్పు. వేరేవాళ్ల నోట వినకూడదు.

మినాకి నా ప్రేమ. ఆమె మొహం తిప్పుకుందని రాశావు. ఆమెకీ ఇన్నేళ్లు బరువే.

నీ కోసం మోకరిస్తున్నాను.

అక్క


హైడెఫెల్ట్
మార్చి 22

అక్కా,

మోకరించు. నీకు మోకాళ్లు వంచడం తెలుసు. నాకు ఏం వంచాల్సొచ్చిందో తెలుసా?

పదిహేడేళ్లకి ఇక్కడికొచ్చాను. నల్లవాడికి తాపీ పట్టే హక్కు లేదు. ఇటుకలు మోసే హక్కు ఉంది, సిమెంటు కలిపే హక్కు ఉంది. గోడ కట్టే మేస్త్రీ మిశ్రమజాతి వాడే అయివుండాలి. నల్లవాడి జేబులో ఊళ్లో తిరగనిచ్చే పాసు పుస్తకం లేకపోతే రాత్రి లాకప్పు. కూడా పనిచేసే ఫ్రాన్స్ అనేవాడు చెప్పాడు, "నీ రంగు సరిపోతుంది, భాష నేర్చుకో, ఆఫీసుకెళ్లి మిశ్రమజాతి అని రాయించుకో" అని. మన భాషలో మహ్లాతి అంటే అడవి, ఆఫ్రికాన్స్‌లో బోస్మన్‌లోనూ అడవి ఉంది, కాబట్టి పూర్తిగా అబద్ధం కాదులే అనుకున్నాను. నవ్వకు.

ఆ ఆఫీసులో గుమాస్తా ఏమడిగాడో తెలుసా? మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటారా అని. మన వాళ్లు పెడతారు కదా, పొట్టి దెయ్యానికి అందకుండా. లేదన్నాను. ఇంట్లో గంజి దేంతో కాస్తారన్నాడు. మిశ్రమజాతి ఇళ్లలో కాచేదాని పేరు చెప్పాను. కాగితాలు చూస్తున్నట్టే చూసి, పెన్ను మొనతో చేతి మీద కసుక్కున పొడిచాడు. నొప్పికి ఎవడైనా అమ్మభాషలో అరుస్తాడని వాళ్ల లెక్క. నేను "ఐనా" అని ఆఫ్రికాన్స్‌లో అరిచాను. ఎలా అరిచానంటావా? దానికోసం ఫ్రాన్స్ చేత రోజూ గిల్లించుకున్నాను. నిద్రపోతున్నప్పుడు కూడా గిల్లమన్నాను. ఇప్పటికీ వేలి మీద ఇటుక పడితే "ఐనా" అనే అంటాను. నాకు నొప్పి కూడా ఆ భాషలోనే వస్తుంది.

నాన్న సమాధికి ఎందుకు రాలేదని ఊళ్లో అనుకుని ఉంటారు. అప్పుడింకా చట్టం ఉంది. పెడీలో నల్లవాళ్ల శవం వెనక బోస్మన్ నడిస్తే ఎవడో ఒకడు రాసి పడేస్తాడు.

నువ్వు చెప్పమన్నావని నాలుగు రోజుల కిందట ఉర్సులాకి చెప్పాను. మొదట నవ్వింది. "మరి పడవ? ఆ పడవకి నాకు బహుమతి ఇచ్చారు డాడీ" అంది. నేను నవ్వలేదు. అప్పుడు నమ్మింది.

"అయితే నాకో వంశం ఉంది. ఆసుపత్రిలో ఖోసా నర్సులు ఒకళ్లనొకళ్లు వంశం పేరుతో పిలుచుకుంటుంటే కుళ్లుకునేదాన్ని. నాదీ ఉందన్నమాట. ఇన్నాళ్లూ దాచి, సరిగ్గా నా పెళ్లి ఆపడానికి బయటికి తీశావు."

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వంతెన దాటి వెళ్లింది. మిసెస్ జేకబ్స్ చూసింది. "నీ కూతురు అవతలికి పోతోంది సోలీ" అంది. నేను "తెలుసు" అన్నాను, అంతే.

సాయంత్రం వుయాని వెంటవచ్చాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మొన్నటిదాకా ఒకరి చేయి ఒకరు వదలని వాళ్లు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. నేను చెప్పిన మాటే అక్కడ కూర్చుంది. పాస్టరుని అడిగారట, "చర్చికి అడ్డేమీ లేదు" అన్నాడట. వుయాని తల్లి మాత్రం, "పాస్టరు పెళ్లి చేస్తాడు నాయనా. పితరుల్ని ఎవరు ఒప్పిస్తారు?" అని ఏడ్చిందట.

పిల్ల నాతో మాట్లాడటం లేదు. అన్నం కంచం తీసుకుని గదిలోకి వెళ్లిపోతోంది.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. చల్లబడ్డావా?

జోలిలే


పెడీ
ఏప్రిల్ 2

తమ్ముడు జోలిలేకు,

చల్లబడలేదు. ఆ మెట్ల మీద పిల్లలు నా కళ్ల ముందే ఉన్నారు.

పెద్దాయన ఈస్టర్ సోమవారం వచ్చాడు. నడుచుకుంటూనే వచ్చాడు. చాప వేసి టీ ఇచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"మాబేలే, మీ తమ్ముడు నాతో టోలో అన్నాడు" అన్నాడు. బేలే ఆడపడుచుగా, మాబేలే అని ఆయన పిలవడంలోనే తెలిసిపోయింది, ఆయనకు అంతా తెలుసని.

"తప్పు చెప్పాడు తాతా. మేం బేలేలమే."

"ఆ పిల్లే వచ్చి చెప్పింది, మా గుమ్మంలో నిలబడి. ఏడవలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అయినా కుక్క మీద జోకుకి నవ్వినప్పుడే అనుకున్నా, వీడు మన గడ్డి మేసినవాడేనని." కాసేపు టీ తాగాడు. "ఆ పిల్ల నాకు నచ్చింది. మా వాడు తిండి మానేశాడు. దారి వెతకాలి. నిన్ను కొన్ని అడుగుతా. ఉన్నది చెప్పు చాలు."

అడిగాడు. నేను ఉన్నది చెప్పాను.

"తండ్రి సమాధి మీద పిడికెడు మన్ను వేశాడా?"

"లేదు."

"ఇల్లు కట్టాక పితరుల పేరున జొన్నకల్లు కాచాడా? మేకపిల్లని కోశాడా?"

"నాకు తెలిసి లేదు."

"సున్తీ కోసం అడవికెళ్లి మగాడై వచ్చాడా?"

"అంతకు ముందే ఊరు దాటాడు."

పెద్దాయన నవ్వాడు. "అంటే నేను యాభై దాటిన కుర్రాడితో ఆవుల బేరం ఆడొచ్చానన్నమాట. మా వాళ్లకి తెలిస్తే నా మీసం గొరిగేస్తారు." తర్వాత నవ్వు ఆపాడు. "మనమంతా పాసు పుస్తకం మోసినప్పుడు అతను మోయలేదు. మా అన్నకి ఆ పుస్తకం లేకే జైల్లో దగ్గు పట్టింది, దాంతోనే పోయాడు. ప్రభుత్వం అతన్ని నల్లవాడు కాదని రాసిచ్చింది, అతను తీసుకున్నాడు. మాబేలే, మనం ఆ ప్రభుత్వం మాట ఒక్కటీ ఒప్పుకోలేదు. ఈ ఒక్కటి ఒప్పుకుందాం. అతను బేలే కాడు. కాబట్టి పిల్లా బేలే కాదు. పెళ్లికి అడ్డు లేదు."

"రక్తానికి కాగితాలు చదవడం రాదు తాతా" అన్నాను.

"రాదు. మనుషులకొచ్చు. వంశం నిలబెట్టేది మనుషులే."

అయితే మనం మనం అనుకుంటే సరిపోదట. నువ్వు రావాలి. మన నాన్న పశువుల దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, చుట్టుపక్కల బేలే మగవాళ్ల ముందు, నేను బేలేని కానని నీ నోటితో చెప్పాలి. చెప్పాక మళ్లీ తిరిగి రావడం ఉండదు. నాన్న పక్కన చోటు ఉండదు. ఆయన ఆ మాట రెండుసార్లు అన్నాడు, నేను నీకు సరిగ్గా చేరవేయాలని.

ఏం చెయ్యమని నేను చెప్పను. ప్రార్థించాను. జవాబు రాలేదు. రానిదాన్ని వచ్చినట్టు రాయలేను.

అక్క


హైడెఫెల్ట్
ఏప్రిల్ 14

అక్కా,

ఈ వారం రెండు గోడలు వంకర కట్టాను. దారం కట్టినా వంకరే. కంట్రాక్టరు "కళ్లద్దాలు పెట్టుకో సోలీ" అన్నాడు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. చట్టం పోయి ఎన్నికలొచ్చినప్పుడు, నేనూ లైన్లో నిలబడ్డాను. అప్పుడే అనుకున్నాను. ఉర్సులా ఒక ఇంటిదయ్యాక పెడీ వస్తాను, కల్లు కాయించి అందరి ముందూ కూర్చుంటాను. తిట్టనీ, ఈ వయసులో అడవికెళ్లి కుర్రాళ్లతో పాటు సున్నం పూసుకోమంటే పూసుకుంటాను, నవ్వనీ. తర్వాత నాన్న దొడ్డిలో ఒక రాయి మీద నాకూ చోటుంటుంది. వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతోందని లోలోపల దాచుకున్నాను. పిల్ల పెళ్లయ్యాక వద్దామనుకున్నవాణ్ణి. ఇప్పుడు పిల్ల పెళ్లి కావాలంటే రానని చెప్పడానికి రావాలి.

మినా అంది, "నీకెలాగూ వాళ్లు లేరు కదా సోలీ, లేనిదాన్ని వదులుకోవడానికి ఏముంది?" అని. మంచి మనసుతోనే అంది. లేచి బయటికి వెళ్లిపోయాను. మొదటిసారి ఆ వంతెన ఎక్కాను. సగం దాకా వెళ్లి, కింద రైలు వెళ్లేదాకా నిలబడి, వెనక్కొచ్చాను.

వస్తాను. ఉర్సులాకి చెప్పాను. కంచం తెచ్చుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని తింది. కంచం ఖాళీ అయ్యేదాకా తింది.

వాళ్లు నిన్ను కూడా అడుగుతారు, ఇతను నీకేమవుతాడని. ఏం చెబుతావు?

జోలిలే


పెడీ
ఏప్రిల్ 22

తమ్ముడూ,

మే మొదటి శనివారం అనుకున్నారు. చలి మొదలైంది, మందం కోటు తెచ్చుకో. బస్సు దిగే చోటికి వస్తాను.

నన్ను అడిగితే అప్పుడు నోటికి ఏం వస్తే అది చెబుతాను. ముందుగా వల్లెవేసుకోను.

అక్క


హైడెఫెల్ట్
మే 11

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన ఉడికించిన మొక్కజొన్న బస్సులో సగం, ఇంటికొచ్చి సగం తిన్నాను. మినా రుచి చూసి, "ఉప్పు వెయ్యరా?" అంది.

ఆ శనివారం మళ్లీ మళ్లీ నడుస్తోంది నా తలలో. నీకు కొత్త సంగతి కాదు, పక్కనే ఉన్నావు. అయినా రాస్తేగాని వదిలేలా లేదు.

నాన్న దొడ్డి అంత చిన్నదని నాకు గుర్తులేదు. లోపల రాళ్ల మీద మగవాళ్లు. ఆడవాళ్లు లోపలికి వెళ్లకూడదు కాబట్టి నువ్వు గుమ్మం బయట. అడవికి వెళ్లిరాని కుర్రాణ్ణి కాబట్టి నేనూ బయటే, నీ పక్కన. ఆ బట్టతలాయన "ఏంటీ, ఇవాళ బయట ఇద్దరు ఆడాళ్లా?" అంటే లోపల కిసుక్కుమన్నారు. మలుసి తాత కర్రతో నేలమీద కొట్టాడు. నువ్వు కదల్లేదు.

"ఎవరు నువ్వు?" అన్నాడు తాత.

బస్సులో దారంతా ఆ వాక్యం నమిలాను. చెప్పాను. "నేను బోస్మన్‌ని. బేలేని కాను."

చిత్రం ఏమిటంటే, అది చెప్పింది ఖోసాలో. అదీ పెడీ యాసలో. మనూళ్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ అలా అనడు. లోపల అందరూ తలలు దించుకున్నారు. నేను కానంటున్నాను, నా నాలుకేమో అవునంటోంది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. వాళ్ల దయ అది. బట్టతలాయన కూడా నేలకేసి చూశాడు.

తర్వాత నిన్నడిగారు, "మాబేలే, ఇతను నీ తమ్ముడా?"

"వీణ్ణి నా వీపు మీద మోశాను. మా అమ్మ కొడుకు. దొడ్డి లోపలి సంగతి మీరు తేల్చుకోండి. బయట వీడు నా తమ్ముడు" అన్నావు. కేకలేసి కాదు, పాలు అడిగినట్టు చెప్పావు.

తాత, "చాలు. మేం అడిగింది లోపలి సంగతే" అన్నాడు. కల్లు ముంత లోపల చేతులు మారింది. గుమ్మం దగ్గరికొచ్చి వెనక్కి తిరిగింది.

అందరూ వెళ్లాక దొడ్డి మూల రాళ్లు జారిపోయి ఉంటే పేర్చాను. నువ్వు వంటింట్లోంచి చూస్తూనే ఉన్నావు, నాకు తెలుసు. మూడొంతులు బయట నిలబడే పేర్చాను. ఒక రాయి మాత్రం లోపలి నుంచి ఆనించాలి. దాన్ని వదిలేశాను. ఎవరిచేతనైనా పెట్టించు.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. ఇదే మాట ఆ రోజుల్లో ఆఫీసులో గుమాస్తా ముందు చెప్పాను. అప్పుడది అబద్ధం. అబద్ధం కాబట్టే ఇన్నేళ్లు మోయగలిగాను, ఎప్పుడో ఒకప్పుడు దించేస్తానని. ఇప్పుడదే మాట నిజం చేసి వచ్చాను. రాత్రి లేచి నడుస్తున్నాను ఇంట్లో. కుక్క కూడా నా వెంట నడుస్తోంది.

పెళ్లి డిసెంబరులో. ఉర్సులా కొత్త చెప్పులు కొనుక్కుంది, వంతెన మెట్లు ఎక్కడానికి వీలుగా ఉంటాయట.

జోలిలే


పెడీ
డిసెంబరు 29

తమ్ముడు జోలిలేకు, మినాకు,

పెళ్లి దీవించబడింది. గుగులేతు చర్చిలో మీ వీధివాళ్లు ఒక వైపు, వాళ్లు ఒక వైపు కూర్చున్నారని ఉర్సులా చెప్పింది. మధ్య వరసల్లో ఎవరూ లేరట. పాటలు మాత్రం కలిశాయట. మిసెస్ జేకబ్స్ అందరికంటే గట్టిగా పాడిందట.

తర్వాతది నువ్వు చూడలేదు. కూతుర్ని అత్తవారి ఊరు తీసుకెళ్లినప్పుడు తండ్రి వెళ్లడు. నేను వెళ్లాను. అందుకే రాస్తున్నాను.

మలుసి తాత ఇల్లు సముద్రపు గాలి తగిలే మిట్ట మీద ఉంది. ఉర్సులాకి పొడుగు లంగా కట్టి, భుజాల మీద దుప్పటి కప్పి, తలగుడ్డ నుదుటి దాకా దించి, తలుపు వెనక చాప మీద కూర్చోబెట్టారు. కొత్త కోడలు తలెత్తకూడదు. ఎత్తలేదు. నర్సు కదా, చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

కొత్త పేరు నోలుండి అని పెట్టారు. అది తేలిగ్గానే అయిపోయింది. కానీ నీకు తెలుసుగా, ఇంట్లో పెద్దవాళ్లు కోడల్ని ఆ పేరుతో పిలవరు. పుట్టింటి వంశం పేరుతో పిలవాలి. చచ్చేదాకా ఆ పేరే. అక్కడ ఆగారు.

"మాటోలో అందామా?" అంది వుయాని తల్లి.

"అది వాళ్ల నాయనమ్మది. నాయనమ్మ పేరు పెట్టి కోడల్ని పిలుస్తామా ఎక్కడైనా?" అంది ఒకావిడ.

"పోనీ మాబేలే?"

"నోరు కడుక్కో. ఇంటి ఆడపడుచుని ఇంటికే కోడలంటావా? దానికేగా అంత గొడవ చేసింది."

ఒక ముసలావిడ, "పుట్టింటి పేరు లేని కోడలు పిడి లేని కప్పు. ఎక్కడ పట్టుకుని ఎత్తాలి?" అంది. నవ్వారు. అందరూ నా వైపు చూశారు. మేనత్తని కదా. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. నాకున్న పేరు ఒకటే, అది ఇవ్వకూడనిది.

బయట అరుగు మీంచి మలుసి తాత గొంతు వచ్చింది. "దాని పుట్టింటి పేరు వాళ్ల నాన్న దొడ్డి గుమ్మం దగ్గర మా అందరి ముందూ చెప్పాడు. ఇంకా ఎక్కడ వెతుకుతారు?"



"మాబోస్మన్" అంది వుయాని తల్లి. మెల్లగా, వేడి గంజి నాలుక మీద పెట్టుకున్నట్టు.

మిగతావాళ్లూ అని చూశారు. "అన్నంలో రాయి తగిలినట్టుంది" అంది పిడిలేని కప్పు ముసలావిడ. "నీకు పళ్లెక్కడున్నాయి తగలడానికి" అంది ఇంకొకావిడ. అలా ఖాయమైంది.

సాయంత్రం ఉర్సులా తలగుడ్డ సరిచేస్తుంటే నా చెవిలో అడిగింది, "అత్తా, నా పిల్లలు ఏమవుతారు?"

"బేలేలు" అన్నాను. "మగపిల్లవాడైతే దొడ్డిలో రాయి మీద కూర్చుంటాడు."

"మరి డాడీ?"

 తలగుడ్డ ముడి బిగించాను.

మర్నాడు తెల్లవారుతుండగా వాకిట్లోంచి వుయాని తల్లి పిలుపు వచ్చింది. "మాబోస్మన్, పొయ్యిలో నిప్పు ఆరిపోయింది." ఎవరూ పలకలేదు. ఎవరిని పిలుస్తున్నారో నాకూ ఒక్క క్షణం తట్టలేదు. మళ్లీ పిలిచారు. అప్పుడు ఉర్సులా దుప్పటి సర్దుకుని లేచి, "వస్తున్నా అమ్మా" అని ఖోసాలో పలికి వెళ్లింది. మాట ఇంకా వంకరగానే వస్తోంది.

ఆ తర్వాత ఆగలేదు. మాబోస్మన్, నీళ్లు. మాబోస్మన్, తాతకి టీ. మాబోస్మన్, ఈ పసివాణ్ణి పట్టుకో. మధ్యాహ్నానికి చిన్నపిల్లలకి కూడా నోరు తిరిగింది. నేను అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను. పొద్దు వాలేదాకా బేలేల వాకిట్లో నీ పేరు వినబడుతూనే ఉంది, తమ్ముడూ. దొడ్డిలో కూర్చున్న మగవాళ్లు కూడా విన్నారు.

అక్క నొబాంటు